అమ్మ గురికి తగిన టీవీ

మా ఇంట్లో ఒక తుపాకీ ఉండేది. బూడిద రంగు ప్లాస్టిక్‌ది. మీట నొక్కితే 'టక్' అనేది. దాని వెనక తోకలాంటి వైరు వీడియో గేమ్ డబ్బాకు తగిలి ఉండేది, ఆ డబ్బా టీవీకి తగిలి ఉండేది. తెర మీద బాతులు ఎగిరేవి, మనం కాల్చాలి. ఇబ్రహీంపట్నంలో మా వీధిలో ఈ ఆట చాలా ఇళ్లలోనే ఉండేది. ఇంట్లో అందరికన్నా బాగా కాల్చేది అమ్మ అయిన ఇల్లు మాత్రం మాదొక్కటే.

నేను ఏడో తరగతి పాసైనందుకు బాపు దాన్ని పట్నం నుంచి తెచ్చాడు. పాసవుతానని ఆయన అనుకోలేదేమో, బహుమతి కాస్త పెద్దదే తెచ్చాడు. బాపుది వాటర్ ట్యాంకర్. అమ్మ ఇంట్లోనే బ్లౌజులు కుట్టేది. కరెంటు ఉండి, చేతిలో పని లేని మధ్యాహ్నాలు మా ఇంట్లో అరుదు. ఆ రెండూ కలిసొచ్చిన రోజున అమ్మ మిషన్ ముందున్న స్టూలు మీది నుంచి లేవకుండా, మెడలోని టేపు తీయకుండా, "ఇటియ్యి" అని తుపాకీ అందుకునేది. ఒక కన్ను మూయడం, ఊపిరి బిగబట్టడం లాంటి వేషాలేమీ ఉండేవి కావు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎట్లా చూసేదో అట్లాగే చూసి నొక్కేది. బాతు పడేది. ఇంకొకటి లేచేది. అదీ పడేది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని నేను అరిస్తే, లేచిన బాతును పడగొట్టాకే పాల దగ్గరికి పోయేది.

నాకు పదిసార్లు కాలిస్తే ఎప్పుడో ఒకటి తగిలేది. బాపుకు జీవితంలో ఒక్కటీ తగల్లేదు. "నీకన్నా ఆ బాతులకే నీ మీద ఎక్కువ గురి ఉన్నది" అనేది అమ్మ.

తరువాత మా ఊరికి మంచి రోజులు వచ్చాయి. అంటే భూముల ధరలకు వచ్చాయి, మేం పక్కన నిలబడి చూశాం. ఔటర్ రింగ్ రోడ్డు పడింది, ఎటు చూసినా వెంచర్ల బోర్డులు లేచాయి, బాపు ట్యాంకర్ ఇళ్లకన్నా కట్టబోయే ఇళ్లకే ఎక్కువ నీళ్లు మోసింది. నేను శేరిగూడలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్ చదివి, కోహెడ వైపు ప్లాట్లు అమ్మే ఆఫీసులో కుదురుకున్నాను. చదివిన చదువుకు, చేసే ఉద్యోగానికి సంబంధం లేదనలేను. అక్కడ ప్రొజెక్టర్ ఆన్ చేసేది నేనే.

ఆ ఊపులోనే ఒక దసరాకు మేమూ పాత టీవీని షాపులో ఇచ్చేసి గోడకు తగిలించే టీవీ తెచ్చుకున్నాం. వెళ్లిపోయిన డబ్బా టీవీని మోయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. కొత్తదాన్ని అమ్మ ఒక్కతే ఎత్తి చూసి, "గింతేనా?" అంది. గేమ్ డబ్బా, తుపాకీ సజ్జ మీదికి పోయాయి. వాటి సంగతి ఎవరమూ అడగలేదు.

కొన్నేళ్ల తరువాత ఇంటికి రంగు వేయించడానికి సజ్జ ఖాళీ చేస్తుంటే అవి బయటపడ్డాయి. అమ్మ తుపాకీని కొంగుతో తుడిచి, "ఇంకా ఉన్నదా గిది!" అని నవ్వింది. నవ్విందంటే మామూలు సంగతి కాదు. ఆ ఏడాది కళ్లద్దాలు వచ్చినప్పటి నుంచి అమ్మ తన వయసు గురించి లోపల లోపల ఏదో లెక్క వేసుకుంటోంది. సంతోషపడుతుంది కదా అని నేను అప్పటికప్పుడే గేమ్‌ను గోడ టీవీకి తగిలించాను. బొమ్మ వచ్చింది. బాతులు పూర్వంకన్నా రెండింతలు పెద్దగా, శుభ్రంగా వచ్చాయి.

అమ్మ అదే స్టూలు మీద కూర్చుని నొక్కింది. టక్. బాతు ఎగిరిపోయింది. టక్. అదీ పోయింది. ఆట అయిపోయే దాకా ఒక్కటంటే ఒక్కటి పడలేదు. మళ్లీ పెట్టమంది. మళ్లీ అంతే. మూడోసారి స్టూలు ముందుకు జరుపుకుంది. అమ్మ స్టూలు జరుపుకోవడం నేను అదే మొదటిసారి చూశాను.

"టీవీలో ఏదో తేడా ఉన్నట్టుంది" అన్నాను.

"టీవీకేమైంది? బాతు మంచిగనే కనవడ్తున్నది, ఇంత లావు. గంత లావు బాతును కొడ్తలేనంటే నా చెయ్యే పోయినట్టు. కండ్లు గూడ పోయినట్టే."

తుపాకీని నా చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లింది. అక్కడ పాలేమీ పొంగడం లేదు.

నేను దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. మర్నాడు వెనక వీధి అక్క పెళ్లి బ్లౌజు గుడ్డ తెస్తే అమ్మ, "నాకు కండ్లు ఆనుతలేవు, ఇంకో దగ్గరియ్యి" అని తిప్పి పంపింది. ఆ తరువాత వచ్చినవాళ్లనూ అట్లాగే పంపింది. కుట్టి పెట్టిన ఒక బ్లౌజుకు హుక్కులు వేయడం మిగిలి ఉంటే దాన్ని మడిచి మిషన్ మీద పెట్టి, పైన పాత దుప్పటి కప్పింది. మా ఇంట్లో మిషన్ మీద దుప్పటి కప్పగా నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఇక బుధవారం చిన్నమ్మకు ఫోన్ చేసి, "మిషన్ నువ్వు తీస్కపోవే, ఇంట్ల ఊకెనే పడున్నది, ఆయితారం రా" అంది. చిన్నమ్మ ట్రాలీ ఆటో మాట్లాడుకుని వస్తానంది. ఆమెను తప్పు పట్టలేం. అట్లాంటి మిషన్ కోసం ఎవరైనా రమ్మన్న రోజుకన్నా ముందే వస్తారు.

అమ్మను కళ్ల దవాఖానకు తీసుకెళ్లాను. డాక్టర్ అక్షరాల చార్టు చదివించి, అద్దాల నంబరు సరిపోయింది, కళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి అన్నాడు. బయటికి వచ్చాక అమ్మ అంది:

"ఆయన చార్టు గోడకు అతుక్కొని కదలకుంట ఉంటది. అదెవ్వలైనా చదువుతరు. బాతు ఎగురుతది."

ఆ మాటకు వైద్యశాస్త్రం దగ్గర జవాబు లేదు. కానీ నాకు ఎలక్ట్రానిక్స్ డిగ్రీ ఉందన్న సంగతి ఎందుకో అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు ఆఫీసులో ప్రొజెక్టర్ ఆన్ చేసి, కస్టమర్లను దాని ముందు కూర్చోబెట్టి, ఈ తుపాకీ ఎట్లా పనిచేస్తుందో ఫోన్‌లో వెతికి చదివాను. సంగతి చిన్నదే. తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు. దాని గొట్టంలో వెలుతురును చూసే కన్నొకటి ఉంటుంది. మీట నొక్కగానే తెర మొత్తం రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి మెరుస్తుంది. ఆ క్షణాన తుపాకీకి ఆ తెలుపు కనిపిస్తే బాతు పడుతుంది. పాత డబ్బా టీవీ అయితే, గేమ్ ఏది పంపితే అది అప్పుడే చూపిస్తుంది. కొత్త టీవీ వచ్చిన బొమ్మను కడిగి, తుడిచి, అందంగా సర్ది, కొంచెం ఆగి చూపిస్తుంది. అప్పటికి తుపాకీ చూడటం మానేస్తుంది. అంటే గోడ టీవీ మీద ఎవరు కాల్చినా, ఎంత గురి ఉన్నా, ఒక్క బాతూ చావదు.

నాలుగేళ్లు నేను చదివింది ఈ శాఖే. టీవీ మీద ఒక సబ్జెక్టు కూడా ఉండేది. అందులో నాకు సరిగ్గా పాస్ మార్కులు వచ్చాయి. ఈ సంగతి ఆ మార్కుల అవతల ఉండి ఉంటుంది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

"టీవీ ఆలస్యం చేస్తదా? మనిషి ఆలస్యం చేస్తడు గని."

"నిజం అమ్మా. కావాలంటే చూడు." తుపాకీ గొట్టాన్ని బాతుకు ఆనించి, తెరను తాకించి మరీ నొక్కాను. బాతు హాయిగా ఎగిరిపోయింది. "చూసినవా? ఇంత దగ్గర నుంచి కొట్టినా పడ్తలేదు."

"నువ్వు కొడితే ఎప్పుడు పడ్డది బిడ్డా?"

బాపు లేచి, "నేను కొడ్త ఆగు" అన్నాడు. అమ్మ ఆయన వైపు చూసిన చూపుకు మళ్లీ కూర్చున్నాడు. మా ఇంటి ఇబ్బంది ఇదే. ఈ ఆటలో నమ్మదగిన పరికరం అమ్మ ఒక్కతే, ఇప్పుడు అనుమానం ఆ పరికరం మీదే. మాటలతో తేలేది కాదని అర్థమైంది. ఆదివారం ట్రాలీ వచ్చేలోగా ఒక డబ్బా టీవీ మా ఇంట్లోకి రావాలి, అమ్మ చేత బాతులు పడాలి. నా జీవితంలో నేను అంత గట్టిగా దేన్నీ అనుకోలేదు. ఇంజనీరింగ్ పాసవ్వాలని కూడా.

మొదట టీవీల షాపుకు పోయాను. మా పాత టీవీని తీసుకున్నది ఆ షాపే.

"డబ్బా టీవీనా?" అన్నాడు షాపాయన. "అన్నా, నువ్వు ప్లాట్లు అమ్ముతవ్ గదా. ఏమైనా నష్టమొచ్చిందా ఏంది?"

"లేదన్నా, కావాలి."

"గవన్నీ ఎప్పుడో తుక్కుకు పోయినయ్. కొత్తది జూడు, గోడంత ఉన్నది."

తుక్కు సామాన్ల వాళ్ల దగ్గర టీవీలు ఉన్నాయి కానీ వాటి గాజు గొట్టాలు లేవు, గొట్టాలున్న చోట లోపలి రాగి లేదు. పెద్ద అంబర్‌పేట్‌లో మా దగ్గర ప్లాటు కొన్న ఒకాయన తన ఇంట్లో పాతది ఉందని చెబితే మధ్యాహ్నం భోజనం మానేసి పోయాను. నిజంగానే ఉంది, పెరట్లో. లోపలిదంతా తీసేసి గడ్డి పరిచారు. కోడి ఒకటి గుడ్ల మీద కూర్చుని, వార్తలు చదివే మనిషిలాగా నా వైపు సూటిగా చూసింది. ఆ టీవీ అంత బాగా పనిచేస్తుంటే అడగడానికి నాకు మనసొప్పలేదు.

శుక్రవారానికి నేను ఆఫీసులో ప్లాటు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లనూ, తూర్పు ముఖమా ఉత్తర ముఖమా అని అడగడానికి ముందు, మీ ఇంట్లో పాత టీవీ ఉందా అని అడుగుతున్నాను. మేనేజర్ ఇదేదో కొత్త ఆఫర్ అనుకుని ఊరుకున్నాడు. అట్లా దొరికాడు కోహెడ నుంచి వచ్చిన ఒక కాకా. "మా ఇంట్ల రెండు టీవీలున్నయ్" అన్నాడు, మామూలుగా.

వెంట పోయి చూస్తే నిజమే. కాకా ఇంట్లో టీవీ మీద టీవీ ఉంది. కింద పెద్ద డబ్బా టీవీ, దాని మీద లేసు గుడ్డ, ఆ గుడ్డ మీద కొత్త టీవీ.

"కాకా, కిందిది పనిచేస్తదా?"

"ఎందుకు చెయ్యది? పైదాన్ని మోస్తనే ఉన్నది గదా."

ప్లగ్ పెట్టించి చూశాను. కాసేపు ఆలోచించి వెలిగింది. కాస్త మసకగా ఉంది, వయసు అనుకున్నాను.

"నాకిస్తవా?"

"ఇస్తే గీ కొత్తది యాడ పెట్టాలె? నెత్తి మీద పెట్టుకొని చూడాల్నా?"

"నా కంప్యూటర్ టేబుల్ తెచ్చిస్త. టేకుది."

"నీకెందుకు గిది?"

అబద్ధం చెప్పడం నా ఉద్యోగంలో భాగమే అయినా ఆ సమయానికి ఒక్కటీ తోచలేదు. "మా అమ్మ బాతులను కాల్చాలి కాకా" అన్నాను.

కాకా లోపలికి తిరిగి, "ఏమే, వెంచరోళ్లు ఏం చెప్పినా నమ్మొద్దంటివి గదా, ఇంటున్నవా?" అని కేకేశాడు. లోపలి నుంచి ఆమె జవాబు వచ్చింది: "టేబుల్ ఇస్తనన్నడా లేదా? ముందు అది అడుగు."

నా చదువుకు సంబంధించి మా ఇంట్లో అప్పటికీ పనికొస్తున్న వస్తువు ఆ టేబుల్ ఒక్కటే. శనివారం దాన్ని బాపు ట్యాంకర్ మీద కట్టి తీసుకెళ్లి ఇచ్చేసి, టీవీని క్యాబిన్‌లో నా ఒళ్లో పెట్టుకుని బయలుదేరాం. దాని బరువుకు రెండో మూల తిరిగేసరికి నా కాళ్లు నావి కాకుండా పోయాయి.

"ఎందుకురా గీ తిప్పలు?" అన్నాడు బాపు. "మిషన్ పోతే పోనీ. ఇన్నేండ్లు కుట్టింది. జర రికాం దొరుకుతది ఆమెకు."

"రికాం దొరికితే పొద్దంతా ఏం చేస్తది బాపు? నిన్నే చూస్తది. ఎప్పుడు లేచినవ్, ఏం తిన్నవ్, ట్యాంకర్ యాడ ఆపినవ్..."

బాపు వచ్చే మూల దాకా ఆలోచించి, బండి వేగం పెంచాడు.

ఆదివారం పొద్దున టీవీని మిషన్ ఎదురుగా రెండు పీటల మీద పెట్టాను. గేమ్ తగిలించాను. బొమ్మ వచ్చింది, చిన్నగా, అంచులు వంగి, ఎప్పటిలాగా. అమ్మ వంటింటి గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒక్కసారి కొట్టు. పడకపోతే మిషన్‌ను నేనే ట్రాలీలో ఎక్కిస్త" అన్నాను.

ఎంతో నమ్మకంతో అన్న మాట అది. అమ్మ వచ్చి స్టూలు మీద కూర్చుంది, చూసింది, నొక్కింది. బాతు ఎగిరిపోయింది.

రెండోది ఎగిరింది, మూడోది ఎగిరింది. బాపు గొంతు సవరించుకుని తుపాకీ అడిగి తీసుకుని తానూ కాల్చాడు. పడలేదు. అయితే బాపుకు తగలకపోవడం ఏ ప్రయోగంలోనూ రుజువు కింద లెక్కకు రాదు. నేను వైర్లు పీకి మళ్లీ పెట్టాను. వెలుగు పెంచే మీటను చివరి దాకా తిప్పాను. అదే సమయానికి చిన్నమ్మ ఫోన్ చేసి బయలుదేరామంది.

"చాలు తియ్యి బిడ్డా" అంది అమ్మ. కోపంగా కాదు. అదే కష్టంగా ఉంది. "నువ్వు మస్తు తిరిగినవ్. నాకు తెల్సు. టీవీ మంచిదే తెచ్చినవ్."

లేచింది. లేచిన మనిషి ఊరికే పోలేదు. ఎవరింటి సామాను మా ఇంట్లోకి వచ్చినా అమ్మ ముందు తుడుస్తుంది. పెళ్లికి తెచ్చిన కుర్చీలను కూడా తుడిచే కూర్చుంటుంది. ఆ అలవాటు కొద్దీ కొంగు తీసుకుని టీవీ తెరను తుడిచింది. మళ్లీ తుడిచింది. వంగి చూసి, గోరుతో గీకింది.

"గిదేంది రా, మురికి పోతలేదు. లోపలున్నది."

"తెర లోపల మురికెట్ల ఉంటది అమ్మా?"

"నన్నడుగుతవేంది? నువ్వే జూడు. అద్దం మీద అద్దం ఉన్నది."

చూశాను. నిజంగానే తెర ముందు తెరంత నల్లటి అద్దం ఒకటి, పైన రెండు కొక్కేలతో డబ్బాకు వేలాడుతోంది. ఒకప్పుడు చాలా ఇళ్లలో ఉండేవి ఇవి. టీవీ వెలుగు కళ్లను పాడుచేస్తుందని, ఈ అద్దం పెడితే కళ్లు చల్లగా ఉంటాయని కొని తగిలించుకునేవాళ్లు. కాకా ఇంట్లో దాన్ని తగిలించి, మరిచిపోయి, దాని వెనక ఏళ్ల దుమ్ము చేరనిచ్చారు. కోహెడలో వయసు అనుకున్న మసక అదే. ఆ నలుపులోంచి, ఆ దుమ్ములోంచి తెల్లటి గడి మెరిసినా తుపాకీకి ఆనేది కాదు. కళ్లను కాపాడే అద్దం మా అమ్మ కళ్లకు ఇంకాస్తలో చరమగీతం పాడేది.

కొక్కేలు తుప్పు పట్టాయి. బాపు స్క్రూడ్రైవర్, నేను చెంచా, అమ్మ కత్తెర మొన. చివరికి కత్తెరకే ఊడింది. అద్దం తీయగానే తెర అంతా ఒక్కసారి తెల్లవారినట్టయింది.

అమ్మ మళ్లీ కూర్చుంది. ఈసారి మిషన్ పక్కన మేకుకు వేలాడుతున్న టేపు తీసి మెడలో వేసుకుంది. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేదు. చూసింది. టక్.

బాతు పడింది.

అమ్మ మొహంలో ఏమీ మారలేదు. రెండోది లేచింది, పడింది. మూడోది తెర మూలకు ఎగిరింది, అక్కడే పడింది. బాపు చప్పట్లు కొట్టబోతే, "కదలకు" అంది. ఆట వేగం పెరిగాక ఒకటి తప్పిపోయింది, ఇంకొకటి తప్పిపోయింది. అమ్మ ఆగలేదు. పెదవులు బిగించి, తరువాతిదాన్ని పట్టుకుంది. పూర్వంలాగా ఒక్కటీ వదలకుండా కాదు కానీ, లేచిన వాటిలో ఎక్కువ భాగం కిందికే వచ్చాయి.

ట్రాలీ వచ్చి ఆగిన చప్పుడైంది. చిన్నమ్మ చెప్పులు విడుస్తూ, "అక్కా, మిషన్ కట్టి పెట్టినవా? ఆటో ఆయన తొందర చేస్తున్నడు" అంటూ లోపలికి వచ్చి, తుపాకీతో ఉన్న అక్కను చూసి ఆగిపోయింది.

"మిషన్ ఇయ్య" అంది అమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఇయ్యవా? నువ్వే గదనే రమ్మంటివి!"

"అప్పుడు కండ్లు మంచిగ లేకుండె. కూసో, ఛాయ్ తాగుదువు."

చిన్నమ్మ కోపంగానే కూర్చుంది. ఖాళీ ట్రాలీతో తిరిగి పోవాల్సిన మనిషికి ఆ మాత్రం హక్కు ఉంటుంది. ఆమె బ్లౌజులు ఇక ఎప్పటికీ తానే కుట్టి ఇస్తానని అమ్మ ఒప్పుకున్నాక కొంచెం మెత్తబడింది. ఛాయ్ తాగుతూ టీవీని, పక్కన ఊడదీసి పెట్టిన అద్దాన్ని చూసి, "అగో, గిట్లాంటిదే మా ఇంట్ల గూడ ఉండె గదా. మొన్న పండుగకే బయట పడేసినం. అద్దం గూడ లేకుండె దానికి" అంది.

బాపు నా వైపు చూడలేదు. చూడకపోవడానికి ఆయన చాలా శ్రమపడ్డాడు.

చిన్నమ్మ వెళ్లాక అమ్మ మిషన్ మీది దుప్పటి తీసి మడత పెట్టింది. హుక్కులు మిగిలిన బ్లౌజు తీసుకుని, గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుని, అద్దాలు పెట్టుకుని సూదిలోకి దారం పట్టింది. తగల్లేదు. కొసను నాలుకతో తడిపి మళ్లీ పట్టింది. మళ్లీ పక్కకు పోయింది. నేను గడప మీద ఊపిరి బిగబట్టుకుని ఉన్నాను. ఇప్పుడు ఏమంటుందో దాని మీదే అంతా ఉంది.

అమ్మ దారాన్ని వేళ్ల మధ్య నలిపి, వెలుతురుకు పట్టి చూసింది.

"ఈ దారం మంచిగ లేదు. వట్టి నాసి దారం. యాడ తెస్తడో మీ బాపు" అంది. పళ్లతో కొస కొరికి, కొత్త కొసను సూదిలోకి ఎక్కించింది.

బాపు నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి నొక్కాను.